చెట్ల పుప్పొడి అలర్జీకి రక్త పరీక్ష: అడగడం నుంచి రిపోర్టు చదవడం దాకా

పూలు విరగబూసిన చెట్టు కింద తుమ్ములు మొదలైతే నేరం ఆ పూల మీదకే పోతుంది. చాలాసార్లు ఆ చెట్టుకు ఏ పాపమూ తెలియదు. రంగు, వాసన, తేనె ఉన్న పూలు పురుగుల కోసం పూస్తాయి. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి పురుగుల ఒంటికి అంటుకుని పోతుంది తప్ప గాలిలోకి పెద్దగా లేవదు. అసలు దోషులు ఎవరి కంటా పడకుండా పూసే చెట్లు. బిర్చ్, ఓక్, ఆలివ్, సైప్రస్ లాంటివి గాలినే నమ్ముకుని బతుకుతాయి కాబట్టి పొడిపొడిగా, తేలిగ్గా ఉండే పుప్పొడిని కుప్పలుతెప్పలుగా వదులుతాయి. బిర్చ్ పుప్పొడి రేణువు అడ్డం కొలత సుమారు 20 మైక్రాన్లు. ముక్కులోకి వెళ్లేది మనకు కనబడను కూడా కనబడదు.

అందుకే "ఏ చెట్టు వల్ల?" అన్న ప్రశ్నకు కంటిచూపు జవాబు చెప్పలేదు. రక్త పరీక్ష చాలావరకు చెప్పగలదు, మనం సరిగ్గా అడిగితే. జాబితాలో రాయని చెట్టు గురించి ల్యాబ్ ఒక్క మాటా చెప్పదు. అక్కర్లేని చెట్లన్నీ రాయిస్తే అక్కర్లేని పాజిటివ్‌లు ఇచ్చి టెన్షన్ పెడుతుంది. కాబట్టి ఇక్కడ సూది గుచ్చే పని గురించి తక్కువగా, దానికి ముందూ వెనుకా చేయాల్సిన పనుల గురించి ఎక్కువగా రాస్తున్నాను.

1. ముందు, ఈ పరీక్ష అవసరమా అని చూసుకోండి

ఏడాదిలో కొన్ని వారాలు ముక్కు కారడం, కళ్లు దురద పెట్టడం ఉండి, ముక్కు స్ప్రేతోనో రోజుకో మాత్రతోనో హాయిగా గడిచిపోతుంటే పరీక్ష లేకపోయినా నష్టం లేదు. చెట్టు పేరు తెలిసినంత మాత్రాన వాడే మందు మారదు.

అవసరం పడే సందర్భాలు వేరు. మందులు వాడినా అదుపులోకి రానప్పుడు, సీజన్‌లో ఆయాసం, పిల్లికూతలు కూడా తోడైనప్పుడు, ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనబడని పురుగుల (డస్ట్ మైట్ల) వల్లో బయటి పుప్పొడి వల్లో తేలనప్పుడు పరీక్ష ఉపయోగపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇమ్యునోథెరపీ మొదలుపెట్టాలనుకున్నప్పుడు ఇది తప్పనిసరి. ఆ చికిత్సలో ఏ పుప్పొడి పడదో దాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరానికి అలవాటు చేస్తారు. ఏళ్ల తరబడి సాగే పని. తప్పు చెట్టుతో మొదలుపెడితే ఆ ఏళ్లన్నీ వృథా.

2. డైరీ రాయండి

ఈ మెట్టును దాటేసేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో మొత్తం వ్యవహారంలో దీనికున్న విలువ ల్యాబ్ యంత్రానికి కూడా లేదు. ఫోన్లో రాసుకున్నా చాలు. పెద్ద వ్యాసాలేం అక్కర్లేదు, ఇలా ఉంటే సరిపోతుంది:

"12వ తేదీ. పొడి ఎండ, గాలి ఎక్కువ. ఉదయం నడకకు వెళ్లొచ్చాక వరుసగా తుమ్ములు, నీళ్లలాంటి చీమిడి, కళ్ల దురద. కిటికీ మూసి పడుకుంటే తగ్గింది. సెట్రిజిన్ ఒకటి వేసుకున్నాను."

"14వ తేదీ. రాత్రంతా వాన. ఈ రోజు దాదాపు ఏమీ లేదు."

ఈ రెండు రోజుల రాతల్లోనే బోలెడు సమాచారం ఉంది. పొడి గాలిలో పెరిగి, వాన పడ్డాక తగ్గడం పుప్పొడి లక్షణం. ఏడాది పొడవునా ఉంటూ పక్క దులిపినప్పుడు, తెల్లారి లేవగానే ఎక్కువైతే డస్ట్ మైట్లను అనుమానించాలి. చెమ్మ పట్టిన గదిలో ఎక్కువైతే బూజును. జ్వరం, ఒళ్లునొప్పులు ఉండి, దురద లేకుండా వారం పది రోజుల్లో పోతే అది మామూలు జలుబు. దురద అనే మాట ఎప్పుడూ రాసి పెట్టండి. ముక్కులో, కళ్లలో, అంగిట్లో దురద ఉందంటే అలర్జీ వైపే మొగ్గు.

డైరీలో ఇంకో వరుస కూడా చేర్చండి: పచ్చి పండ్లు, గింజలు తిన్నప్పుడు నోట్లో దురద పెడుతోందా? ఆపిల్, చెర్రీ, పీచ్, హేజెల్‌నట్, క్యారట్ లాంటివి పచ్చిగా తింటే పెదాలు, నాలుక చిమచిమలాడి, ఉడికించి తింటే ఏమీ కాకపోవడం బిర్చ్ జాతి పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్లలో తరచూ కనిపిస్తుంది. ఆ పండ్లలో ఉండే ప్రొటీన్ బిర్చ్ పుప్పొడిలోని ప్రొటీన్‌ను పోలి ఉంటుంది, వేడికి చెడిపోతుంది. డాక్టర్ అడగకపోయినా ఈ సంగతి మీరే చెప్పండి, ఏ పరీక్ష రాయాలో దీన్ని బట్టి మారుతుంది.

తర్వాత మీరుండే ప్రాంతంలో ఏ చెట్టు ఏ నెలల్లో పుప్పొడి వదులుతుందో కనుక్కోండి. చాలా ప్రాంతాలకు పుప్పొడి క్యాలెండర్లు దొరుకుతాయి. మీ డైరీని దాని పక్కన పెడితే అనుమానితుల జాబితా మూడు నాలుగు పేర్లకు కుదించుకుపోతుంది.

3. రక్తమా, చర్మమా?

అలర్జీ తేల్చడానికి రెండు ప్రధాన దారులు. స్కిన్ ప్రిక్ టెస్ట్‌లో ముంజేతి మీద పుప్పొడి ద్రావణం చుక్కలు వేసి, సన్నగా గుచ్చి, 15 నుంచి 20 నిమిషాల్లో లేచే దద్దురును కొలుస్తారు. 3 మిల్లీమీటర్లు, ఆపైన లేస్తే పాజిటివ్. జవాబు అక్కడికక్కడే వస్తుంది, ఖర్చు తక్కువ, అలర్జీని పసిగట్టడంలోనూ రక్త పరీక్ష కంటే సాధారణంగా ఒక మెట్టు పైనే. అనుభవమున్న డాక్టర్ దగ్గర అది దొరుకుతుంటే ముందు అదే చేయించుకోమంటాను.

మరి రక్త పరీక్ష ఎవరికి? యాంటీహిస్టమిన్లు (సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు) ఆపలేనివాళ్లకు, ఎందుకంటే చర్మ పరీక్షకు ముందు వాటిని దాదాపు వారం రోజులు ఆపాలి. ఒళ్లంతా ఎగ్జిమా ఉండి గుచ్చడానికి మంచి చర్మం లేనివాళ్లకు, గోరుతో గీస్తేనే దద్దుర్లు లేచే చర్మం ఉన్నవాళ్లకు, గర్భిణులకు, బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు అనే మందులు వాడేవాళ్లకు, ఆస్తమా అదుపులో లేనివాళ్లకు, చుక్క చుక్కకీ ఏడ్చే పసిపిల్లలకు. చర్మ పరీక్ష ఫలితం మీ డైరీతో పొసగనప్పుడు కూడా రెండో సాక్ష్యంగా రక్త పరీక్ష పనికొస్తుంది.

4. ఏ చెట్లు రాయించాలి

ఇక్కడే డబ్బు ఆదా అవుతుంది, లేదా వృథా అవుతుంది. అడగాల్సిన పరీక్ష పేరు "స్పెసిఫిక్ ఐజీఈ". ఐజీఈ అంటే అలర్జీని నడిపే యాంటీబాడీ. ఒక్కో పుప్పొడికి దాని సొంత ఐజీఈ ఉంటుంది. "టోటల్ ఐజీఈ" ఒక్కటే రాసిన చీటీతో వెళితే చెట్టు సంగతి ఏమీ తేలదు. అది అన్ని రకాల ఐజీఈల మొత్తం. నులిపురుగులున్నా, ఎగ్జిమా ఉన్నా పెరుగుతుంది. అది మామూలుగా ఉన్నంత మాత్రాన అలర్జీ లేదనీ కాదు. స్పెసిఫిక్‌కు తోడుగా ఉంటే మాత్రం ఉపయోగమే, ఎలాగో కింద చెబుతాను.

చెట్లను ఒక్కొక్కటిగా కాక కుటుంబాలుగా చూడండి. బిర్చ్, ఆల్డర్, హేజెల్, ఓక్, బీచ్ ఒక గుంపు. వీటి ప్రధాన ప్రొటీన్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి బిర్చ్ ఒక్కటి అడిగితే చాలాసార్లు గుంపంతటి సంగతీ తెలుస్తుంది. ఆలివ్, యాష్, ప్రివెట్ ఇంకో గుంపు. సైప్రస్, జూనిపర్, జపాన్ సెడార్ మరో గుంపు. ప్లేన్ చెట్టు ఒంటరి. పొడి, వేడి ప్రాంతాల్లో మెస్కిట్, అకేసియా ముఖ్యం. మీ ప్రాంతంలో ఉండే గుంపు నుంచి ఒక్కో ప్రతినిధిని రాయిస్తే చాలు.

పేర్ల దగ్గర జాగ్రత్త. ల్యాబ్ జాబితాలో మెస్కిట్ అని ఉండేది సర్కారు తుమ్మే. ఆస్ట్రేలియన్ పైన్ అని ఉండేది సరుగుడు, దానికీ పైన్‌కూ చుట్టరికం లేదు. అసలు పైన్ విషయానికొస్తే, కార్ల మీద పసుపు పొడిలా పరుచుకుని అందరినీ భయపెడుతుంది కానీ దానివల్ల అలర్జీ రావడం అరుదు. ఎక్కువ ల్యాబుల్లో ఒక్కో పుప్పొడికి ఒక కోడ్ ఉంటుంది, చెట్లవి "టి"తో మొదలవుతాయి: బిర్చ్ టి3, ఓక్ టి7, ఆలివ్ టి9, మెస్కిట్ టి20. చీటీ మీద పేరుతో పాటు కోడ్ కూడా రాయిస్తే పొరపాటుకు తావుండదు.

తక్కువ ఖర్చులో "ట్రీ మిక్స్" అని ఒకటి ఉంటుంది. నాలుగైదు చెట్ల పుప్పొడి ఒకే పరీక్షలో కలిపి చూస్తారు. నెగటివ్ వస్తే ఆ చెట్లన్నిటినీ పక్కన పెట్టేయవచ్చు. పాజిటివ్ వస్తే వాటిలో ఏదో ఒకటి అని తెలుస్తుంది, ఏదో తెలియదు, మళ్లీ విడివిడిగా చేయించాలి. అనుమానం బలంగా లేనప్పుడు మిక్స్, బలంగా ఉన్నప్పుడు విడి పరీక్షలు.

వంద అలర్జీలు ఒకేసారి చూసే పెద్ద ప్యానెళ్లంటే నాకు పెద్దగా గురి లేదు. అంతమందిని వరుసలో నిలబెడితే సంబంధం లేనివాళ్లు నలుగురైనా దొరుకుతారు. ఆ పాజిటివ్‌లు పట్టుకుని ఇష్టమైన తిండి మానేసిన వాళ్లు ఎందరో. చిక్కుముడి కేసుల్లో నిపుణుడు అడిగితే అది వేరే సంగతి.

5. రక్తం ఇచ్చే రోజు

చెప్పడానికి పెద్దగా ఏం లేదు. పరగడుపున వెళ్లక్కర్లేదు. యాంటీహిస్టమిన్, మాంటెలుకాస్ట్, ముక్కు స్ప్రే, ఇన్‌హేలర్ ఏదీ ఆపక్కర్లేదు. చెయ్యి నరం నుంచి ఒక ట్యూబు రక్తం తీస్తారు. బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో ఒక్కో పుప్పొడికి 40 మైక్రోలీటర్ల సీరం (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) చాలు, కాబట్టి పది చెట్లు అడిగినా ట్యూబులు పెరగవు. చిన్నపిల్లల తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే సగం భయం పోతుంది.

రెండు మందుల గురించి మాత్రం ముందే చెప్పండి. ఒకటి ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్. అది ఐజీఈనే పట్టుకుంటుంది కాబట్టి అంకెలు తారుమారవుతాయి. రెండోది జుట్టు కోసం, గోళ్ల కోసం వేసుకునే ఎక్కువ మోతాదు బయోటిన్. కొన్ని యంత్రాలు పరీక్షలోనే బయోటిన్‌ను వాడతాయి. మీ రక్తంలో అది ఎక్కువగా ఉంటే లెక్క తప్పవచ్చు.

ఏ నెలలోనైనా చేయించుకోవచ్చు. సీజన్ అయిపోయిన కొన్ని వారాలకు అంకె కాస్త ఎక్కువగా, మళ్లీ సీజన్ మొదలయ్యే ముందు కాస్త తక్కువగా ఉంటుంది. బలమైన అలర్జీలో ఈ తేడా వల్ల ఫలితం తారుమారు కాదు.

6. ల్యాబ్ లోపల

ట్యూబును తిప్పి సీరం వేరు చేస్తారు. పుప్పొడి ప్రొటీన్లు అంటించిన చిన్న స్పాంజి లాంటి పదార్థం మీద ఆ సీరం పోస్తారు. ఆ పుప్పొడి మీద గురి ఉన్న ఐజీఈ అక్కడ అతుక్కుంటుంది, మిగతాది కడిగేస్తారు. అతుక్కున్న ఐజీఈని పట్టుకునే ఇంకో యాంటీబాడీ వేసి, అది ఇచ్చే వెలుగును కొలుస్తారు. వెలుగు ఎంతో ఐజీఈ అంత. ఐజీఈని 1966-67 ప్రాంతంలో ఇషిజాకా దంపతులు అమెరికాలోనూ, యోహాన్సన్, బెన్నిక్ స్వీడన్‌లోనూ వేర్వేరుగా కనిపెట్టారు. 1968లో దానికి ఆ పేరు ఖాయమైంది. తొలి రక్త పరీక్షల్లో వెలుగుకు బదులు రేడియోధార్మికత కొలిచేవారు. ఆ పాత పరీక్ష పేరు రాస్ట్. ఇప్పటికీ కొందరు డాక్టర్లు అలవాటుకొద్దీ చీటీ మీద అదే రాస్తారు, కంగారు పడకండి.

7. రిపోర్టు చదవడం

ఇలాంటి రిపోర్టు వచ్చిందనుకుందాం:

బిర్చ్ (టి3): 12.4
ఆలివ్ (టి9): 0.52
మెస్కిట్ (టి20): 0.10 కంటే తక్కువ
టోటల్ ఐజీఈ: 180

స్పెసిఫిక్ అంకెలు లీటరుకు కిలోయూనిట్లలో ఉంటాయి. 0.35 అనేది పాత కాలం నుంచి వాడుతున్న గీత, దానికి పైన ఉంటే పాజిటివ్ అంటారు. ఇప్పటి యంత్రాలు 0.10 దాకా పసిగడతాయి. అంకె పక్కన క్లాస్ అని ఇంకో నంబరు ఉండవచ్చు: 0.35 లోపు క్లాస్ 0, 0.70 దాకా 1, 3.5 దాకా 2, 17.5 దాకా 3, 50 దాకా 4, 100 దాకా 5, ఆపైన 6. మన ఉదాహరణలో బిర్చ్ క్లాస్ 3, ఆలివ్ క్లాస్ 1.

దీన్ని చాలామంది "మూడో స్థాయి అలర్జీ" అని చదువుకుంటారు. అది తప్పు. క్లాస్ చెప్పేది రక్తంలో ఆ ఐజీఈ ఎంత ఉందని మాత్రమే, మీరు ఎంత బాధపడతారని కాదు. క్లాస్ 2తో సీజన్ అంతా మంచం పట్టేవాళ్లున్నారు, క్లాస్ 4 ఉండి ఒక్క తుమ్మూ తుమ్మనివాళ్లూ ఉన్నారు. అంకె పెద్దదయ్యే కొద్దీ ఆ చెట్టే కారణమయ్యే అవకాశం పెరుగుతుంది, అంతవరకే దాన్ని నమ్మాలి.

టోటల్ ఐజీఈ ఇక్కడ పనికొస్తుంది. అది వేలల్లో ఉంటే, 0.4, 0.6 లాంటి చిన్న పాజిటివ్‌లు పది చెట్లకు వచ్చినా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అదే టోటల్ 15 మాత్రమే ఉండి ఒక చెట్టుకు 0.6 వచ్చిందంటే ఆ చిన్న అంకెకు బరువుంది.

ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చకండి. యంత్రం వేరైతే అదే రక్తానికి వేరే అంకె రావచ్చు.

8. రిపోర్టును డైరీ పక్కన పెట్టండి

బిర్చ్ పాజిటివ్, మీ బాధ కూడా బిర్చ్ పూసే వారాల్లోనే. ఇది తేలిపోయిన కేసు.

బిర్చ్ పాజిటివ్, కానీ ఆ వారాల్లో మీకు ఏమీ కాదు. దీన్ని అలర్జీ అనరు, సెన్సిటైజేషన్ అంటారు. శరీరం ఆ పుప్పొడిని గుర్తుపట్టింది, గొడవ పడటం లేదు. చికిత్స అక్కర్లేదు.

అన్నీ నెగటివ్, బాధ మాత్రం నిజం. అప్పుడు మూడు అనుమానాలు. అసలు చెట్టు జాబితాలో లేకపోవచ్చు, లేదా అది చెట్టే కాక గడ్డో కలుపు మొక్కో బూజో కావచ్చు. లేదంటే ఐజీఈ రక్తంలో కాకుండా ముక్కు పొరలోనే తయారవుతుండవచ్చు. దీన్ని లోకల్ అలర్జిక్ రైనైటిస్ (రైనైటిస్ అంటే ముక్కు పొర వాపు) అంటారు, తేల్చాలంటే పుప్పొడిని ముక్కులోనే వేసి చూసే పరీక్ష కావాలి. ఇవేవీ కాక ఘాటు వాసనలకు, చల్లగాలికి మాత్రమే ముక్కు కారుతుంటే అది అలర్జీ కాని రైనైటిస్.

ఇక అందరినీ తికమక పెట్టేది నాలుగోది: చెట్లు, గడ్డి, కలుపు మొక్కలు అన్నీ పాజిటివ్. నిజంగా అన్నిటికీ అలర్జీ ఉండటం సాధ్యమే కానీ, ఎక్కువసార్లు అన్ని మొక్కల్లోనూ ఉండే ఉమ్మడి పదార్థమే దీనికి కారణం. ప్రొఫిలిన్ అనే ప్రొటీన్ దాదాపు ప్రతి మొక్కలో ఉంటుంది, పోల్కాల్సిన్ ప్రతి పుప్పొడిలో ఉంటుంది. సీసీడీ అని పిలిచే చక్కెర గొలుసులు కూడా ఇలాగే రిపోర్టును నింపేస్తాయి, వాటివల్ల మనిషికి కలిగే బాధ దాదాపు శూన్యం. అప్పుడు అడగాల్సింది "కాంపొనెంట్ టెస్ట్". ఇందులో పుప్పొడి మొత్తాన్ని కాక ఒక్కో ప్రొటీన్‌ను విడిగా చూస్తారు. బెట్ వి 1 పాజిటివ్ అయితే బిర్చ్ గుంపు నిజమైన దోషి. ఓలె ఇ 1 అయితే ఆలివ్, యాష్ గుంపు. కప్ ఎ 1 అయితే సైప్రస్ గుంపు. బెట్ వి 2 మాత్రమే పాజిటివ్ అయితే అది ప్రొఫిలిన్ గొడవ, బిర్చ్ ఇమ్యునోథెరపీ వల్ల లాభం తక్కువే. చికిత్సకు డబ్బు, ఏళ్లు పెట్టబోయే ప్రతి ఒక్కరూ ఈ పరీక్ష గురించి డాక్టర్‌ను అడిగి తీరాలి.

9. ఆ తర్వాత

చెట్టు తేలితే సీజన్ మీ చేతిలోకి వస్తుంది. స్టెరాయిడ్ ముక్కు స్ప్రేను పుప్పొడి లేచాక కాక రెండు వారాల ముందే మొదలుపెట్టవచ్చు. అది పూర్తిగా పని చేయడానికి రోజులు పడుతుంది, తుమ్ములు మొదలయ్యాక పరిగెత్తితే వెనకబడినట్టే. పుప్పొడి ఎక్కువగా ఉన్న పొడి, గాలి రోజుల్లో కిటికీలు మూయడం, బయటి నుంచి రాగానే తలస్నానం చేసి బట్టలు మార్చడం, ఉతికిన బట్టలు బయట ఆరేయకపోవడం లాంటివి కొంత మేలు చేస్తాయి. పెరట్లో చెట్టు కొట్టేయడం వల్ల సాధారణంగా ఒరిగేది తక్కువ, పుప్పొడి కిలోమీటర్ల దూరం నుంచి వస్తుంది.

ఆయాసం, ఛాతీ బిగుసుకోవడం, రాత్రి దగ్గు ఉంటే ముందు ఆస్తమాను అదుపులోకి తెచ్చుకోవాలి. అది అదుపులో లేకుండా ఇమ్యునోథెరపీ మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టాక సాధారణంగా కనీసం 3 ఏళ్లు సాగుతుంది. మొదటి నెలల్లో మళ్లీ రక్త పరీక్ష చేయిస్తే ఐజీఈ పెరిగి కనిపించవచ్చు, మందు వికటించిందని దానర్థం కాదు. చికిత్స పనిచేస్తోందా లేదా అన్నది సీజన్‌లో మీ తుమ్ములు, మీరు వేసుకునే మాత్రలు లెక్కపెడితే తెలుస్తుంది.

ఐజీజీ, ఐజీజీ4 పరీక్షలతోనో, వెంట్రుకలు పంపిస్తేనో అలర్జీ చెబుతామనేవాళ్లకు డబ్బు ఇవ్వకండి. ఐజీజీ అంటే శరీరం ఆ పదార్థాన్ని ఎరుగుదునని చెప్పడమే, అలర్జీకి గుర్తు కాదు. ఇక అసలు పరీక్షను ఏటా చేయించాల్సిన పని లేదు. లక్షణాల తీరు మారినా, కొత్త నెలల్లో బాధ మొదలైనా, వేరే చెట్లున్న ప్రాంతానికి మారి అక్కడ ఒకటి రెండు సీజన్లు గడిచాక తుమ్ములు మొదలైనా అప్పుడు చేయించుకోండి, డైరీని కొత్తగా మొదలుపెట్టాకే.